కదలని బొటనవేలి ప్రశస్తి

మనిషి బొటనవేలు కదలడం సృష్టిలో జరిగిన పొరపాటు. దాన్ని సరిదిద్దే విద్య ఇన్నాళ్లకు మన సూర్యాపేట దాకా వచ్చింది. మీరింకా చేయించుకోలేదా?

నేను చెబుతున్నది బొటనవేలి కీలు బిగించే ఆపరేషన్ గురించి. బొటనవేలు మణికట్టును కలిసే చోట చిన్న కీలు ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి వాడితే అందులోని మెత్తని పొర అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకుంటుంది. సీసా మూత తిప్పినా, చొక్కా గుండీ పెట్టుకున్నా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అప్పుడు డాక్టరు ఆ కీలు తెరిచి, మిగిలిన పొరను కూడా గీకేసి, రెండు ఎముకలనూ దగ్గరకు చేర్చి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తాడు. రెండు మూడు నెలల్లో రెండు ఎముకలూ ఒకటే ఎముక అవుతాయి. ఇక కీలు లేదు. కీలు లేదు కనుక నొప్పీ లేదు.

ఎంత గొప్ప తర్కం! బాధపడుతున్న చోటును బాగు చేయడం కాదు, బాధపడే అవకాశాన్నే తీసేయడం. ముప్పై ఏళ్లు కాలేజీలో సైకాలజీ చెప్పాను. మనసు విషయంలో ఇంత సూటి వైద్యం నాకెక్కడా కనపడలేదు. మేము మనిషిని కూర్చోబెట్టి చిన్నప్పటి సంగతులు అడుగుతాం. వీళ్లు స్క్రూ బిగిస్తారు.

అసలు బొటనవేలు కదిలి మనకు ఒరగబెట్టింది ఏమిటి? పసిబిడ్డ ఈ లోకంలో మొట్టమొదట కనిపెట్టే ఓదార్పు తన బొటనవేలే. పెద్దయ్యాక దాన్ని నోట్లోంచి తీసి ఫోను మీద పెడతాడు. ఓదార్పు అదే, తడి ఒక్కటే తేడా. సూర్యాపేట కొత్త బస్టాండులో ఒక గంట కూర్చుని చూడండి. నలభై మంది తల వంచుకుని నలభై బొటనవేళ్లతో దేన్నో పైకి తోస్తూ ఉంటారు. గంట తర్వాత చూసినా ఎవరి జీవితమూ పైకి పోయినట్టు కనపడదు. మిర్యాలగూడ బస్సు మాత్రం వెళ్లిపోయి ఉంటుంది.

మా రిటైర్డ్ లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజుకూ, మనవరాలి ర్యాంకుకూ, మోకాలి ఆపరేషన్‌కూ ఒకటే జవాబు: ఎత్తిన బొటనవేలు. మాతో పనిచేసిన ఒకాయన పోయాడన్న వార్తకు నేనే పొరపాటున వేలెత్తాను. సిగ్గుతో తీసేద్దామని చూసేసరికి నన్ను చూసి మరో పద్నాలుగు మంది ఎత్తారు. మా కీళ్లు బిగిసి ఉంటే ఆ పెద్దమనిషి కాస్త మర్యాదగా పోయేవాడు కాదా?

మిర్యాలగూడ వైపు వెళ్లండి. మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. కొనేవాడు వచ్చి పిడికెడు వడ్లు అరచేతిలో పోసుకుని, బొటనవేలితో నాలుగుసార్లు నలిపి, ఒక గింజ పంటికింద పెట్టి "పచ్చిగున్నయ్" అంటాడు. నాలుగు నెలల సేద్యం ఆ వేలికింద తేలిపోతుంది. ఆ ఒక్క వేలు బిగిసిపోయి ఉంటే ఎన్ని ట్రాక్టర్లు తలెత్తుకుని లోపలికి పోయేవో!

ఇంకో లాభం ఉంది. ఈ ఆపరేషన్ అయిన చెయ్యి బల్ల మీద పెడితే పూర్తిగా ఆనదు. అరచేతిని చదునుగా పరచడం కుదరదు. అంటే రెండు చేతులూ అతికించి నిండు నమస్కారం పెట్టలేరు. ఎన్నికలప్పుడు మన వీధుల్లోకి వచ్చేవాళ్లందరికీ ముందుగా దీన్ని ఉచితంగా చేయించాలని ప్రభుత్వానికి నా మనవి.

ఇదంతా నేను ఊరికే అనడం లేదు. నా కుడి బొటనవేలు రెండేళ్లుగా నన్ను మూడు ఊళ్లు తిప్పింది. మిర్యాలగూడలో ఇంజెక్షన్ ఇచ్చారు, మూడు నెలలు బాగుంది. కోదాడలో ఫిజియోథెరపిస్టు పట్టీ కట్టి, "కదపకండి సార్, కదిపారంటే మళ్లీ మొదటికొస్తుందండీ" అన్నాడు. ఒంటరిగా ఉండే మనిషిని. రోజంతా నా ఇంట్లో కదిలేది ఫ్యాను, నా బొటనవేలు. రెండోదాన్ని ఆపమంటే గది మరీ నిశ్శబ్దమైపోయింది. చివరకు సూర్యాపేటలో ఎముకల డాక్టరు సుధాకర్ గారు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకుని, బిగించేయడమే మేలన్నారు.

"కానీ సార్, ఒక్కసారి బిగిస్తే అంతే. కాస్త అటో ఇటో మాత్రమే నా చేతిలో ఉంటది. ఏ పనికి ఎక్కువ వాడుకుంటారో మీరు చెప్పాలె" అన్నారు. పెన్ను పట్టుకుంటారా, కారు నడుపుతారా, గుండీల చొక్కాలా, టీ షర్టులా? నలభై నిమిషాలు అడిగారు. నా చేతిలో పెన్ను పెట్టి, తీసి, గ్లాసు పెట్టి, తీసి చూశారు. నా జీవితంలో ఏ మనిషీ నా ఇష్టాల గురించి అంత ఓపికగా అడగలేదు. ఆలోచించి చెబుతానన్నాను.

ఆలోచించడం నా వృత్తి. ఇంటికి వచ్చి ఒక్కో రోజు ఒక్కో భంగిమలో వేలికి టేపు చుట్టుకుని ప్రయోగం మొదలుపెట్టాను. సోమవారం పెన్ను భంగిమ. చక్కగా రాశాను గానీ రాయడానికి ఏమీ తోచలేదు. మంగళవారం చదునుగా పరిచిన భంగిమ. గుండీలు పెట్టుకోలేక సాయంత్రం దాకా బనియనుతో ఉన్నాను. బుధవారం నిటారుగా నిలబెట్టి కట్టుకుని హైవే పక్కన నడుస్తుంటే మేళ్లచెరువు సిమెంటు లారీ ఒకటి పక్కకు తీసి ఆగింది. "ఎక్కు సారూ, యాడికి?" అన్నాడు డ్రైవరు. ఎక్కాను. నా వేలు మాట ఇచ్చేసింది మరి, నేనెలా కాదంటాను? కోదాడలో దిగి, టీ తాగి, బస్సులో వెనక్కి వచ్చాను.

జీవితాంతం ఒకే భంగిమ. ఎవరికైనా ఇంతకంటే పెద్ద ప్రశ్న ఉంటుందా? ఏదో ఒకటి ఎంచుకుని దానికి కట్టుబడలేకపోవడమే ఈ కాలపు జబ్బని నేను క్లాసులో చెప్పేవాడిని. ఇప్పుడు అది నా వేలి దాకా వచ్చింది. జవాబు లేకుండానే మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాను.

ఆ రోజు బెంచీ మీద నా పక్కన కూర్చున్న మనిషి పేరు సాలి. యాభై దాటి ఉంటుంది. హాలియా దగ్గరి తండా. నా వేలి పట్టీ చూసి తన వేలు చూపించింది. అదే కీలు, అదే వాపు.

"నీకు గూడ గిదేనా సారూ?"

"ఇదే."

"నువ్వేం నాటినవ్?"

నేనేమీ నాటలేదని ఒప్పుకున్నాను. పేపర్లు దిద్దానన్నాను. ఫోను సంగతి చెప్పలేదు.

ఆమె ముప్పై ఏళ్లుగా వరి నాట్లు వేస్తోంది. ఇరవై మంది ఆడవాళ్ల గుంపుకు ముందు నడిచే మనిషి. ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేతి బొటనవేలికీ రెండు వేళ్లకూ మధ్య మూడు నాలుగు మొక్కలు. వంగి బొటనవేలితో బురదలోకి అదమాలి. రోజుకు ఎన్ని వేలసార్లో ఆమె ఎప్పుడూ లెక్క పెట్టుకోలేదు. ఆమె వేలు పెట్టుకుంది.

"మొన్న యాసంగిల నా వరుస తేలింది సారూ," అంది మెల్లగా, ఏదో తప్పు చేసినట్టు. "అదుమకపోతే నారు లేస్తది. పొద్దుగాల పెట్టిన, పొద్దుమూకే యాళ్లకు నీళ్ల మీద తేలుతున్నయ్. ఆసామి సూసి నవ్విండు. మా గుంపోళ్లు నాకు ఎరుకలేకుంట ఎనకనే వచ్చి మళ్ల అదిమిన్రు. నాకెరుకనే. ఎరుక లేనట్టు నాటుకుంట పోయిన."

వాపు మీద రాసుకుంటూ మళ్లీ అంది: "వచ్చే వానకాలం గూడ నా వరుస తేలితే గుంపు ఇంకొకరి ఎనుక పోతది. నన్ను గట్టు మీద కూసోబెట్టి చాయ్ కాయమంటరు. గంతకంటె మంచాన పడ్డది మేలు."

"వేలు ఎలా బిగించాలో డాక్టరు నిన్నే అడుగుతాడు. ఆలోచించి చెప్పు," అన్నాను పండితుడిలా.

"నన్నడుగుతడా?"

"తప్పకుండా. నన్ను నలభై నిమిషాలు అడిగాడు."

"నిన్నడిగిండా," అని నా ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూసి, తలకొంగు సర్దుకుంది.

మన దవాఖానల్లో ఒక మంచి పద్ధతి ఉంది. ఒకరి రోగం చూస్తుండగా తర్వాతి నంబరు వాడిని కూడా లోపలే స్టూలు మీద కూర్చోబెడతారు. ఎవరి జబ్బూ రహస్యం కాదు. సాలిని మరో కోణంలో ఎక్స్‌రేకు పంపారు. ఆమె భర్త బిచ్చా, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు హరీష్ డాక్టరు ఎదురుగా కూర్చున్నారు. నేను స్టూలు మీద ఉన్నాను.

"ఏమయ్యా, మీ ఆమె ఆ చేత్తో ఎక్కువ ఏం పని చేస్తది?" అన్నారు డాక్టరు.

"రొట్టెలు జేస్తది సార్," అన్నాడు బిచ్చా.

"ఇంకా?"

బిచ్చా నిజంగానే ఆలోచించాడు. కొడుకు మొహం చూశాడు. "గంతే సార్. జొన్నరొట్టెలు. రోజుకు ఇరవై కొడతది. గసువంటి రొట్టె మా తండల ఎవ్వలకు రాదు."

"నాట్లకు పోతది గదా?"

"నాట్లు ఇగ బంద్ చేయిస్తం సార్," అన్నాడు హరీష్. "అమ్మ చాన కష్టపడ్డది. ఇంట్ల కూసుండి రొట్టెలు చేస్తె సాలు."

ప్రేమతోనే అన్నాడు. గొంతులోనే తెలిసింది. అందుకే నాకు భయం వేసింది. మనిషిని ఒక భంగిమలో బిగించడానికి కోపం ఎప్పుడూ సరిపోదు. కోపాన్ని ఎదిరించవచ్చు. ప్రేమను ఏం చేస్తారు?

"రొట్టెలకైతే అరచెయ్యి చదునుగా ఆనాలె. కొంచెం విప్పి బిగించాల్సి ఉంటది," అన్నారు డాక్టరు. "కానీ పట్టు తగ్గుతది మరి."

"పట్టెందుకు సార్. ఇంట్ల పట్టుకునేదేమున్నది?" అన్నాడు బిచ్చా.

డాక్టరు కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. నాకు నలభై నిమిషాలు పట్టింది, ఇంకా తేలలేదు. ఆమెకు నాలుగు నిమిషాల్లో తేలిపోయింది, ఆమె లేకుండానే. చూశారా, అనిశ్చితి అనే జబ్బుకు ఎంత చక్కటి మందు! మీ బదులు మీవాళ్లను అడిగితే సరి.

నేను అప్పుడు నోరు విప్పలేదు. బెంచీ మీద విన్నదంతా నాకు తెలుసు. తేలిన నారు సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసేమో. కానీ పరిశీలకుడు జోక్యం చేసుకోకూడదని మా శాస్త్రం చెబుతుంది. పిరికితనానికి ఇంత గౌరవమైన పేరు పెట్టిన శాస్త్రం ఇంకొకటి లేదు. అందుకే నాకది ఇష్టం.

సాలి ఎక్స్‌రే కవరుతో లోపలికి వచ్చింది. ముగ్గురి మొహాలూ చూసింది.

"అంతా మాట్లాడినం అమ్మా. రొట్టెలు మంచిగ చేసుకోవచ్చు నువ్వు," అన్నారు డాక్టరు.

ఆమె కవరు బల్ల మీద పెట్టింది. అక్కడి పెన్నుల డబ్బాలోంచి మూడు బాల్‌పెన్నులు తీసింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఆ ఏసీ గది మధ్యలో నడుం దాకా వంగి, మూడు పెన్నులనూ బొటనవేలితో డాక్టరు గారి బల్ల ముందున్న తివాచీ మీద అదిమింది. నొప్పికి దవడ బిగుసుకుంది. చెయ్యి తీయలేదు.

"గిట్ల," అంది, కిందికి చూస్తూనే. "గీడ ఆపు సారూ. జరంత గూడ అటు ఇటు కావద్దు."

డాక్టరు కుర్చీ వెనక్కి తోసి, వచ్చి, ఆమె పక్కన గొంతుక్కూర్చుని ఆ వేలినే చూశారు. ఒక వైపు నుంచి చూశారు, ఇంకో వైపు నుంచి చూశారు. ఆయన మొహంలోకి కొంచెం సిగ్గు వచ్చింది.

"మా పుస్తకాల్లో రాసేది ఇదే," అన్నారు నాతో, ఎందుకో. "పిడికిలి మూస్తే వేలు ఎక్కడ ఆనుతదో అక్కడనే బిగించాలని. పట్టు పోదు."

లేచి వెళ్లి రాసిన కాగితం కొట్టేశారు.

"మరి రొట్టెలు?" అన్నాడు బిచ్చా.

సాలి నడుం పట్టుకుని లేచి, పెన్నులు ఒక్కొక్కటే డబ్బాలో పెట్టింది.

"నీ బొటనేళ్లు రెండు మంచిగనే ఉన్నయ్ గదా. ఎక్స్‌రే తియ్యమందునా?"

బిచ్చా తన రెండు చేతులూ మొదటిసారి చూసినట్టు చూసుకున్నాడు. హరీష్ ఫోను తీశాడు. వాడి బొటనవేలు ఎంత చురుకుగా కదిలిందో చెప్పలేను.

ఫిబ్రవరి చివర ఆమెకు ఆపరేషన్ అయింది. తర్వాత కట్టు, కట్టు తర్వాత పట్టీ. వేసవి పోయేలోపు రెండు ఎముకలు ఒకటయ్యాయని డాక్టరు చెప్పారు. నా సంగతి అడగకండి, నేను ఇంకా టేపు మారుస్తున్నాను.

ఆగస్టులో కాలువ నీళ్లు వదిలాక ఒక రోజు బస్సెక్కి హాలియా వెళ్లాను. ఆమె గుంపు ఎక్కడ నాటుతోందో టీ కొట్టులోనే చెప్పారు. పొలం గట్టు మీద నిలబడి చూశాను. ఇరవై మంది వంగి వెనక్కి నడుస్తున్నారు. సాలి అందరికంటే రెండు బారలు ముందుంది. ఆమె వరుసలో ఒక్క మొక్క కూడా తేలలేదు. కాసేపు అక్కడే కూర్చుని మరీ చూశాను, తేలలేదు.

కాబట్టి పాఠకులారా, నా వాదన నెగ్గింది. కదలని బొటనవేలే మేలని హాలియా బురద సాక్షిగా రుజువైంది. ఇక్కడితో ఆపేసి ఉండాల్సింది. మధ్యాహ్నం అన్నానికి గట్టెక్కినప్పుడు నేనే నోరు జారి, ఇంట్లో రొట్టెలు ఎవరు చేస్తున్నారని అడిగాను.

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. సాలి సద్ది డబ్బా మూత ఎడమ చేత్తో తీసింది.

"నేనే సారూ."

"ఆ చెయ్యి చదునుగా ఆనదు కదా?"

"ఎడమ చేత్తోని కొడుతున్న. మొదట వంకర వచ్చినయ్. ఇప్పుడు మంచిగనే వస్తున్నయ్."

"మరి బిచ్చా?"

"రెండు దినాలు జేసిండు. రొట్టె ఇరుగుతున్నదని ఇడిసిపెట్టిండు. సల్లబడితే తినడు, ఇరిగితే తినడు." ఎడమ చెయ్యి ముందుకు చాచి, బొటనవేలి మొదట్లో నొక్కి చూపించింది. అక్కడ వాపు అప్పుడే మొదలైంది. నాకు ఆ వాపు బాగా తెలుసు. "ఇగ ఇది గూడ పట్టుకున్నది సారూ."

నేను నా టేపు వేలిని జేబులో పెట్టుకున్నాను.

"నువ్వు సదువుకున్నోనివి, నాకొక్కటి చెప్పు," అంది అన్నం కలుపుకుంటూ. "నొప్పి ఉన్న కీలు బిగిచ్చే ఆపరేషన్ ఉన్నది. నొప్పి లేకుంటనే బిగిసిపోయినయ్ ఉంటయ్ గదా, గవి ఇప్పే ఆపరేషన్ లేదా? మా ఇంట్ల నాలుగు బొటనేళ్లున్నయ్ గసువంటియి. డాక్టరు సారును జర అడుగు."

అడిగాను. మరుసటి రోజే సూర్యాపేటలో, ఓపీ అయ్యాక. నా వాదనలో ఉన్న లోపం కూడా ఆయనకు చెప్పుకున్నాను: స్క్రూలూ కోతా లేకుండా, పుట్టుకతోనే కీళ్లు బిగించుకుని హాయిగా తిరుగుతున్నవాళ్లు ఇళ్లలో ఇంతమంది ఉండగా నేను దీన్ని కొత్త విద్య అనుకుని పొగిడానని.

సుధాకర్ గారు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. ఇంటి నుంచి వచ్చిన డబ్బా తెరిచారు. షుగరు కోసం ఈమధ్య జొన్నరొట్టెలే తింటున్నారట. తెల్లని గుడ్డలో నాలుగు, ఇంకా ఆవిరి పోలేదు.

"అసువంటి ఆపరేషన్ ఇంకా రాలేదు సార్," అన్నారు. "మా ఆమె అప్పటికప్పుడు చేసి పంపుతది పాపం. తీసుకోండి, చాలా ఉన్నయ్."

తీసుకున్నాను. చాలా మెత్తగా ఉంది. విచిత్రమేమిటంటే, తుంచేటప్పుడు నా బొటనవేలు ఏమాత్రం నొప్పి పెట్టలేదు.